అలిపిరి దాకా తోడు

మనిషి కొండను చూడగానే శిఖరాన్ని తలుస్తాడు. తిరుపతిలో పెరిగినవాళ్లకు ఈ అలవాటు మరీ ఎక్కువ. పొద్దున తలుపు తీస్తే ఎదురుగా కొండ. కొండ అంటే పైన స్వామి. స్వామి ఉన్నాడంటే ఎక్కాలి. తెల్లవారకముందే అలిపిరి పాదాల మండపం దగ్గర నిలబడి చూస్తే ఈ తలపు ఎంత బలమైనదో తెలుస్తుంది. కర్పూరం వెలిగించి, మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, మొక్కి లేచిన ప్రతి ఒక్కరి చూపూ పైకే పోతుంది. 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్ల దారి. తలయేరు గుండు దాటేశాం, గాలిగోపురం వచ్చేసింది, ఇక మోకాళ్ల పర్వతమే మిగిలింది అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటూ వెళ్తారు. దారిలోని ప్రతి చోటూ పైనున్న చోటు ఇంకెంత దూరమో చెప్పే గుర్తుగా మారిపోతుంది. భక్తికి అది సహజం. ఆ నడకలో గొప్ప బలం ఉంది. నేనూ ఆ మెట్లెక్కుతూ పెరిగినవాణ్నే.

కుక్కకు శిఖరం లేదు. మలుపులో బండ, బండ పక్కన పొదలో రాత్రంతా పడుకుని లేచి వెళ్లిన కుందేలు, నిన్నటి వానకు మెత్తబడిన పుట్టమన్ను, ఇవే దాని కొండ. మనం పది అడుగులు వేసేలోపు అది ఒక్క చోటే ముక్కు ఆనించి నిలబడిపోతుంది. తాడు లాగితే మన వైపు ఒకసారి చూసి మళ్లీ అక్కడికే వంగుతుంది. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 60 లక్షలంటారు. కుక్కలకు జాతిని బట్టి 30 కోట్ల దాకా ఉంటాయి. మనకు ఖాళీగా కనిపించే కాలిబాట దానికి ఖాళీ కాదు. ఎవరు వచ్చారు, ఎటు పోయారు, ఎంతసేపయింది, ఆ వచ్చినది తనకు శత్రువా మిత్రమా అన్నవన్నీ ఆ గడ్డి మొదళ్ల దగ్గర ఉంటాయి. కుక్కతో కొండవైపు నడవడం మొదలుపెట్టిన కొన్నాళ్లకు మనకూ ఆ నిదానం అలవాటవుతుంది. ఎంత దూరం నడిచాం అన్న లెక్క జారిపోతుంది. అది ఆగిన చోట మనమూ ఆగి చూడటం మొదలుపెడతాం.

మా కర్రి వీధిలో పుట్టిన నాటుకుక్క. పేరుకు తగ్గట్టు ఒళ్లంతా నలుపు, ముందుకాళ్ల చివర మాత్రం కాస్త తెలుపు. దాన్ని వెంటబెట్టుకుని నేను నడిచేది చంద్రగిరి వైపున్న గుట్టల్లో. శేషాచలం అడవి హద్దుకు ఇవతల, ఊళ్లకూ కొండకూ నడుమ, మామిడితోపుల వెనక మిగిలిన చిన్న చిన్న గుట్టలవి. సీతాఫలం చెట్లు, కలే పొదలు, బలుసు, రేల, ఎండకాలంలో ఆకంతా రాల్చేసుకుని ముళ్లతో నిలబడే రేగు. గుండ్రటి నల్లరాతి బండల నడుమ మేకలు నడిచి నడిచి వేసిన బాటలు. అక్కడినుంచి తల ఎత్తితే తిరుమల కొండల ఎర్రటి రాతిగోడ కనిపిస్తుంది. కింద ఉన్నది పాత గ్రానైటు, పైన ఉన్నది దానికన్నా ఎన్నో కోట్ల ఏళ్ల తర్వాత పేరుకున్న క్వార్ట్జైటు. రెండూ ఒకదాని మీద ఒకటి ఆని ఉన్న చోటు ఘాట్ రోడ్డు పక్కన కంటికి కనిపిస్తుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని జాతీయ స్మారకంగా గుర్తించారు. ఆ రాళ్ల నడుమ తప్పిపోయిన కాలం ఎంతో నా కన్ను చెప్పలేదు. అదే రాతి మీద గంట కిందట ఏం నడిచిందో కర్రి ముక్కు చెప్పేస్తుంది. ఒక్క కొండనే మేమిద్దరం రెండు రకాలుగా చదువుతూ నడుస్తాం.

ఆ గుట్టల్లో మేకలు తోలుకొచ్చే అవ్వ ఒకామె ఉంది. మమ్మల్ని చూసిన మొదటి రోజే దూరం నుంచి కేక వేసింది. "నాయనా, కుక్కను దగ్గిరికి పట్టుకో. మేకలు చూలుతో ఉండాయి. బెదిరి పరిగెత్తినాయంటే కడుపులు పోతాయి." నేను తాడు చేతికి చుట్టుకుని బండ వెనక్కి తప్పుకున్నాను. మందంతా సాగిపోయాక ఆమె దగ్గరకొచ్చి కర్రిని తేరిపార చూసింది. "బాగుండాది. మాపటేల దీన్ని బయట కట్టేయబాక. చిరుతకు మేక మీద కంటే కుక్క మీదే ఆశెక్కువ" అంది. "నువ్వు చూసినావా అవ్వా?" అని అడిగాను. "చూడాల్నా? మా ఊళ్లో ఎన్ని కుక్కలు పోయినాయో అడుగు, చెప్తారు" అని మేకల వెనక వెళ్లిపోయింది. కుక్కతో గుట్టలెక్కే ఎవరికైనా తెలియాల్సిన రెండు ముఖ్యమైన సంగతులు ఆమె ఆ కాసేపట్లోనే చెప్పేసింది. మన కుక్క వల్ల భయపడే ప్రాణులు ఉంటాయి. మన కుక్కకు భయం కలిగించే ప్రాణులూ ఉంటాయి.

నడిచి వచ్చాక ఇంకో పని ఉంటుంది. ఇంటికి రాగానే అరుగు మీద కూర్చుని కర్రి ఒంటిని వెతుకుతాను. తోకకూ పొట్ట కిందా ఉత్తరేణి గింజలు గుచ్చుకుని ఉంటాయి. కాలివేళ్ల నడుమ పల్లేరుకాయ దిగి ఉంటుంది, కుంటకుండానే నడిచి వచ్చినా సరే. చెవుల వెనక గోమార్లు ఉంటాయి. ఒక్కొక్కటీ తీస్తుంటే అది కదలకుండా కూర్చుంటుంది. 1941లో జార్జ్ ద మెస్త్రాల్ అనే స్విట్జర్లాండ్ ఇంజినీరు తన కుక్కతో ఆల్ప్స్ కొండల్లో తిరిగి వచ్చి, దాని బొచ్చుకూ తన బట్టలకూ అంటుకున్న ముళ్లకాయల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడట. వాటి కొనల్లో ఉన్న చిన్న కొక్కేలను గమనించాడు. ఈరోజు పిల్లల బూట్లకూ సంచులకూ వాడే వెల్క్రో పట్టీ అలా పుట్టింది. కుక్కతో నడవడం మనిషిని వంగి చూసేలా చేస్తుందనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. ఒంటరిగా నడిచినవాడు ఆ గింజను దులిపేసుకుని వెళ్లిపోయేవాడేమో.

ఈ ప్రాంతపు ఎండ గురించి కూడా చెప్పాలి. మే నెలలో తిరుపతిలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. పది గంటలకే బండ మీద చెయ్యి పెట్టలేం. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ప్రధానమైన చల్లదనం, అరికాళ్ల దగ్గర మాత్రం కొద్దిగా చెమట పుడుతుంది. ఆ అరికాళ్లతోనే అది కాలే రాయిని తొక్కాలి. అందుకే మా నడక బాగా వెలుతురు వచ్చాక మొదలై, ఎండ ఎక్కకముందే ముగుస్తుంది. నేల మీద అరచెయ్యి ఆనించి అయిదు క్షణాలు ఉంచలేకపోతే ఆ రోజుకు వెనక్కి తిరగాల్సిందే. నీళ్ల సీసా నాకన్నా ముందు దానికోసమే. ఇన్ని జాగ్రత్తలూ ఒక్క మాటలోకి వస్తాయి: తాను అలసిపోయానని అది చెప్పదు. మనం ముందుకు వెళ్తుంటే చాలు, ఊపిరి అందకపోయినా వెంట వస్తూనే ఉంటుంది. అలా వచ్చేదాన్ని ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం వెంట తీసుకెళ్లేవాడి బాధ్యత.

ఎంత దూరమైనా వెంట రావడం అనే ఈ గుణానికి మా కొండే ఒక సాక్ష్యం చూపించింది. 2019 అక్టోబరు 31న 13 మంది అయ్యప్ప భక్తులు తిరుమల నుంచి కాలినడకన శబరిమలకు బయలుదేరారు. కొంత దూరం పోయాక వెనక ఒక వీధికుక్క కనిపించింది. వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. మరునాడు చూసినా అదే కుక్క, ఆ మరునాడూ అదే. తాము వండుకున్నదే దానికీ పెట్టారు. నవంబరు మూడో వారంలో ఆ బృందం కర్ణాటకలోని చిక్కమగళూరు జిల్లా కొట్టిగెహార చేరేసరికి అది వాళ్లతో 480 కిలోమీటర్లు నడిచింది. ఆ వార్త దేశమంతా చదివింది. ఏటా శబరిమలకు వెళ్లే ఆ భక్తులు ఇలాంటి అనుభవం ఇంతకుముందు లేదన్నారు. ఎవరూ దాన్ని పిలవలేదు, తాడు కట్టలేదు. అది మాల వేసుకోలేదు, దానికి మొక్కు లేదు. దానికి శబరిమల ఎక్కడుందో కూడా తెలియదు. ముందు నడుస్తున్న మనుషుల కాళ్లు మాత్రమే తెలుసు. యాత్ర చేసేవాళ్లకు చివర ఒక గుడి ఉంటుంది. ఆ కుక్కకు ఆ మనుషులే యాత్ర.

అలిపిరి మెట్ల మీద కూడా ఇలాంటి కుక్కలు కనిపిస్తాయి. ఎవరో చిన్న పిల్లాడు బిస్కెట్ వేస్తే రెండు మలుపుల దాకా అతని వెనకే ఎక్కి, అక్కడ ఇంకొకరి వెంట దిగిపోతాయి. వాటిని అదిలించేవాళ్లున్నారు, నీళ్లు పోసేవాళ్లూ ఉన్నారు. ఇదే కొండ మెట్లెక్కి స్వామిని పాడిన తాళ్లపాక అన్నమయ్య 'బ్రహ్మమొక్కటే' కీర్తనలో ఏనుగునూ కుక్కనూ పక్కపక్కన నిలబెట్టి, రెండింటి మీదా పడే ఎండ ఒకటేనన్నాడు. అయిదు వందల ఏళ్ల కిందటి మాట అది. గుడి ఏనుగు ముందు చేతులు జోడించే మనకు ఆ కుక్కను కూడా ఆ ఎండలోనే చూడమని చెప్పిన మాట. కొండ దారిలో నీడ కోసం మెట్టు మూలన ముడుచుకు పడుకున్న కుక్కను చూసినప్పుడల్లా ఆ కీర్తన ఎంత కచ్చితమైన చూపులోంచి వచ్చిందో నాకు తెలుస్తుంది.

అంత ప్రేమ ఉన్నప్పుడు కర్రిని ఈ మెట్ల మీదికి ఎందుకు తీసుకురావు అని స్నేహితులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మెట్లకు అటూ ఇటూ ఉన్నది మామూలు అడవి కాదు. 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం 353 చదరపు కిలోమీటర్లు. 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్, రాష్ట్రంలో మొట్టమొదటిది, 4,755 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం సహజంగా పెరిగేది లోకంలో ఈ చుట్టుపక్కల కొండల్లోనే. దేవాంగపిల్లి, దుప్పి, కణుజు, ఎలుగుబంటి, చిరుత ఇక్కడ కాపురం ఉంటున్నాయి. 2023 జూన్‌లో ఏడోమైలు దగ్గర మూడేళ్ల బాబును చిరుత ఎత్తుకుపోతే జనం కేకలు వేసి, వెంటపడి దక్కించుకున్నారు. ఆగస్టు 11 రాత్రి ఆరేళ్ల పాప దక్కలేదు. లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర మరునాడు ఉదయం ఆ బిడ్డ కనిపించిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ తిరుపతిలో మాటలు ఆగిపోతాయి. ఆ తర్వాత బోన్లు పెట్టి చిరుతలను పట్టారు, మధ్యాహ్నం రెండు దాటితే పన్నెండేళ్ల లోపు పిల్లల్ని మెట్లదారిన పంపలేదు, భక్తుల చేతికి కర్రలిచ్చారు.

కుక్కలున్న చోటికి చిరుత వస్తుంది. మేకల అవ్వ చెప్పినదాన్నే మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో పరిశోధకులు చిరుతల పెంటికలు పరీక్షించి తేల్చారు. మనుషుల మధ్య చెరకుతోటల్లో బతికే అక్కడి చిరుతల ఆహారంలో, బరువు లెక్కన, 39 శాతం పెంపుడు కుక్కలూ ఊరకుక్కలే. మిగులు తిండి పడేస్తే కుక్కలు చేరతాయి, కుక్కలు చేరితే చిరుత అంచుదాకా దిగుతుంది, అంచున చిన్నపిల్లలు నడుస్తుంటారు. ఈ వరస మెట్లదారిలో బిస్కెట్ పొట్లం విప్పే ప్రతివాళ్లకూ తెలియాలి. కుక్క మీద దయ చూపించాలంటే దాన్ని అడవి అంచుకు అలవాటు చేయకపోవడం అందులో ఒక భాగం. ఊళ్లో, ఇంటి ముందు, పగటిపూట పెట్టే గిన్నెడు అన్నమే దానికి మేలు.

అడవి వైపు నుంచి చూసినా లెక్క ఇదే. శేషాచలానికి తన సొంత కుక్కలున్నాయి. రేచుకుక్కలంటాం వాటిని. ఎర్రటి ఒళ్లు, నల్లటి కుచ్చుతోక, గుంపుగా తిరిగే తీరు. లోకంలో అవి కొన్ని వేలే మిగిలి, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయి. మన కుక్క తుమ్మితే వాటికి ముప్పు. డిస్టెంపర్ అనే వైరస్ ఇంటికుక్క నుంచి అడవి జంతువులకు పాకుతుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో ఈ జబ్బుకు దాదాపు మూడో వంతు సింహాలు చనిపోయాయి. 2018లో గుజరాత్ గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడూ ఈ వైరస్సే బయటపడింది. అదే జబ్బుకు ఇంకో పక్క కూడా ఉంది. జర్మనీలో బాన్ దగ్గర ఓబర్‌కాసెల్‌లో 14 వేల ఏళ్ల నాటి సమాధి ఒకటి దొరికింది, ఇద్దరు మనుషులతో కలిపి పూడ్చిన కుక్కపిల్లతో సహా. దాని పళ్ల మీది గుర్తులను బట్టి అది డిస్టెంపర్‌తో బాధపడిందనీ, మనుషులు దగ్గరుండి సాకబట్టే ఆ జబ్బుతో కొన్ని వారాలు బతికిందనీ పరిశోధకులు 2018లో రాశారు. వేటకు పనికిరాని జబ్బుపిల్లను సాకిన ఆ చేతుల వరసలోనే మనమూ ఉన్నాం. ఇప్పుడు మన చేతిలో టీకా ఉంది. వేయించకుండా కొండదారి పట్టించడం కుక్కకూ అడవికీ కూడా చేసే అన్యాయం.

ఇక్కడ ధర్మరాజు అడ్డం వస్తాడు. తెలుగులో తిక్కన చెప్పిన మహాప్రస్థానంలో పాండవులూ ద్రౌపదీ బయలుదేరినప్పుడు ఒక కుక్క వెంటపడింది. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోయారు. చివరికి మిగిలింది ధర్మరాజూ ఆ కుక్కా. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నాడు, కుక్కను మాత్రం వదిలేయమన్నాడు. నమ్మి వచ్చినదాన్ని వదిలి నాకు స్వర్గం వద్దన్నాడు ఆయన. కొండనూ కుక్కనూ కలిపి చెప్పిన కథల్లో ఇంతకన్నా పెద్దది మనకు లేదు. మరి అలిపిరిలో కుక్కను ఆపేసి నేను పైకి వెళ్తే ఆ మాట తప్పినట్టేనా?

ఈ ప్రశ్నను నేను చాలాకాలం మోశాను. ధర్మరాజు రథం ఎక్కనన్నాడు. అంటే కుక్కతోపాటు తానూ ఆగాడు. నన్ను నిలబెట్టిన సంగతి అది. కుక్కను పైకి ఎక్కించాలన్న పట్టుదల కన్నా, దానికోసం తన ఎక్కడాన్ని వదులుకునే సిద్ధపాటు ఆ కథలో పెద్దది. కర్రి వెంట ఉన్న రోజు నేనూ అలిపిరి దగ్గర ఆగిపోతాను. గరుత్మంతుడి విగ్రహం ఉన్న చోట రోడ్డు దాటకుండా, కపిలతీర్థం వైపు ఊరి రోడ్డు మీద వెనక్కి తిరుగుతాం. స్వామి దర్శనానికి వెళ్లే రోజు అది ఇంట్లో ఉంటుంది, నేను మెట్లెక్కుతాను. ఒక్కసారి కూడా దాన్ని కింద ఎక్కడో కట్టేసి పైకి వెళ్లను. చిరుతకు దాన్ని ఎరగా మార్చే నడక, రేచుకుక్కకు జబ్బు మోసుకెళ్లే నడక, ఆ మెట్ల మీద బిడ్డను చేయి పట్టి నడిపించుకెళ్లే తల్లికి ఇంకొక భయం కలిపే నడక ప్రేమ అనిపించుకోదు. అడవి హద్దు దగ్గర ఇద్దరం కలిసి వెనక్కి తిరగడమే మా ఇద్దరికీ తగిన ధర్మమని నేను నమ్ముతున్నాను.

వెనక్కి తిరిగినంత మాత్రాన నడక తరిగిపోదు. చిత్తూరు సీమలో అడవి కాని కొండలు కావలసినన్ని ఉన్నాయి. ప్రతి ఊరికీ ఒక గుట్ట, గుట్ట మీద ఒక చిన్న గుడి, కింద ఒక చెరువుకట్ట, కట్ట పక్కన చింతతోపు. మేకలు నడిచే బాటలు, మామిడితోటల గట్లు, వాన వెలిసిన రోజుల్లో వంక వెంబడి ఇసుకదారి. మనిషీ కుక్కా కలిసి నడవడానికి తగిన నేల ఇది. తాడు చేతిలో పట్టుకుని, టీకాలు వేయించి, ఎదురయ్యే మందకు దారి ఇచ్చి, ఎండ ముదరకముందు ఇల్లు చేరేలా బయలుదేరితే చాలు. అలాంటి గుట్టల్ని రాయి కోసం తొలిచేస్తున్నారు, చెత్తకుప్పలుగా మారుస్తున్నారు, వెంచర్లకు చదును చేస్తున్నారు. పెద్ద అడవిని కాపాడాలని అడిగేవాళ్లం ఊరి గుట్టను కూడా కాపాడమని అడగాలి. అది ఉన్నంతకాలం ఊళ్లో పుట్టిన ఒక నాటుకుక్క ముక్కు నేలకు ఆనించి కొండను చదువుకోవచ్చు, దాని పక్కన నడిచే మనిషి శిఖరం సంగతి కాసేపు మరిచిపోయి తన కాళ్ల కింది నేలను తెలుసుకోవచ్చు.